లోపలికి పీల్చిన అవును

“ప్రమోషన్!”

ఫోను చెవి నుంచి తీస్తూనే యెషిమెబెత్ వేసిన కేకకి, హోటల్ లాండ్రీలో పక్క మెషీన్ దగ్గరున్న అమ్మాయి దుప్పట్ల బుట్ట కాళ్ళ మీద పడేసుకుంది. కేక వెయ్యదూ మరి? ఎడ్మంటన్ వచ్చిన దగ్గర్నుంచీ ఊరివాళ్ళ దుప్పట్లు ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టడమే ఆమె పని. మొదటిసారి తన బతుకు మడత విప్పే కబురు వచ్చింది. సాయంత్రాలు ఇంగ్లీషు నేర్చుకోడానికి వెళ్ళే కమ్యూనిటీ హాలు నుంచి ఆఫీసావిడ చేసిన ఫోను అది. ఆరబెట్టే యంత్రాలు వెనకాల రాళ్ళబండిలా గడగడలాడుతుంటే ముక్కలు ముక్కలుగా వినపడింది: “శనివారం పొద్దున... స్పెషల్ క్లాసు... మూడో లెవెల్ వాళ్ళకి... ప్ర... షన్.”

ప్రమోషన్ కాక ఇంకేం షన్ ఉంటుంది? మూడో లెవెల్ నుంచి నాలుగుకి! నాలుగంటే ఉత్త నాలుగు కాదు. జనవరిలో మొదలయ్యే పసిపిల్లల సంరక్షణ కోర్సులో ఆమె పేరు మీద ఒక సీటు అట్టేపెట్టి ఉంది. నాలుగో లెవెల్‌కి చేరితే ఆ సీటు ఆమెది, చేరకపోతే ఇంకొకరిది. తన దేశంలో, గోందర్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు యెషిమెబెత్ చిన్నపిల్లల బడి నడిపేది. అక్కడ చంకనెత్తుకున్న పిల్లలకి లెక్కలేదు. ఇక్కడికొచ్చాక ఆ చేతులు ఎత్తుతున్నవి దిండ్లు. దిండు ఏడవదు, నవ్వదు, ముక్కు తుడవమనదు. అదే ఆమె ఏడుపు.

శనివారం తెల్లారకముందే లేచి, అరిటాకంత వెడల్పు రొట్టె కాల్చింది. ఆకుపచ్చ అంచున్న తెల్లగౌను తొడిగి, భుజాల చుట్టూ పల్చటి నెతెలా కప్పుకుని, దాని మీద మంచుకోటు వేసుకుంది. బస్ స్టాపులో గాషే మక్బిబ్ ఎదురుచూస్తున్నాడు. పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిస్తే కళ్ళు పోతాయి కాబట్టి ఆయన్ని అందరూ ‘గాషే’ అంటారు. టాక్సీ తోలి తోలి మానేసిన మనిషి. అదే క్లాసు, అదే బెంచీ. ఆయన కూడా సూటు వేసుకొచ్చాడు.

“ఏంటి గాషే, పెళ్ళికొడుకులా తయారయ్యారు?”

“ఈ కోటు పెళ్ళిళ్ళకీ వేస్తాను, చావులకీ వేస్తాను. పరీక్షలు ఆ రెంటికీ మధ్యలోవి కదమ్మా.”

“పరీక్ష కాదు గాషే, ప్రమోషన్! పాసైపోయాం!”

“పరీక్ష పెట్టకుండా పాస్ చేసే దేశమా ఇది? నాకు లైసెన్సు పరీక్ష మూడుసార్లు పోయింది.”

హాల్లో అడుగు పెట్టేసరికి బోర్డు మీద కొండంత అక్షరాలు. యెషిమెబెత్ కూడబలుక్కుని చదివింది. ప్రి. పొ. జి. షన్స్.

మిసెస్ పర్విస్ వెనక్కి తిరిగింది. ఈ టీచరమ్మ కొత్త. పాత టీచర్ భర్తకి వేరే ఊరు బదిలీ అయితే, మంచు మొదలయ్యాక ఈవిడ వచ్చింది. దక్షిణాన గోధుమపొలాల మధ్య ఏదో చిన్న ఊళ్ళో చదువు చెప్పి రిటైరైన మనిషి. సూటుని చూసింది, గౌనుని చూసింది, రొట్టెని చూసింది. “ఎవరి పుట్టినరోజు?” అంది.

“ప్రమోషన్,” అంది యెషిమెబెత్, బోర్డు వంకే చూస్తూ.

టీచరమ్మకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది, నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పట్టింది. “ప్రమోషన్ కాదు, ప్రిపొజిషన్! లెవెల్ మార్చే పరీక్ష మంగళవారం. అందులో మీరందరూ తప్పేది ఇదే కాబట్టి ఇవాళ దీన్ని రుబ్బుదామని పిలిచాను.”

క్లాసంతా నవ్వింది. యూక్రెయిన్ నుంచొచ్చిన హలీనా నవ్వింది, కొలంబియా నుంచొచ్చిన ఎర్నుల్ఫో బల్ల చరిచి మరీ నవ్వాడు. యెషిమెబెత్‌కి చెవులు కాలిపోయాయి. పైకి ఎక్కిస్తారని వస్తే, ‘పైన’ అనే మాట ఎక్కడ పెట్టాలో నేర్పిస్తారట!

“రొట్టె బాగుంది, దాన్నే పాఠం చేద్దాం,” అని మిసెస్ పర్విస్ రొట్టెని టేబుల్ నడుమ పెట్టింది. దాని పక్కనే ఆవిడ ఇత్తడి గంట. హోటల్ కౌంటర్ మీద ఉండేలాంటిది. ఎవరు తప్పు చెప్పినా అరచేత్తో దాన్ని కొడుతుంది. తర్వాత ఒప్పు చెబుతుంది. తర్వాత ఆ మనిషి కళ్ళలోకి చూసి “అర్థమైందా?” అని అడుగుతుంది. గంట, ఒప్పు, అర్థమైందా. ఆ వరస తప్పదు.

“రొట్టె ఎక్కడుంది?”

“రొట్టె టేబుల్లో ఉంది,” అన్నాడు గాషే.

టింగ్! “టేబుల్ మీద. అర్థమైందా?”

“యెస్ మేడమ్!” టాక్సీలో వెనక సీటుకి వినపడేలా చెప్పి చెప్పి ఆయన గొంతు అలా ఉండిపోయింది.

“మీరు ఎలా వచ్చారు?”

“బస్సుతో వచ్చాను,” అంది యెషిమెబెత్.

టింగ్! “బస్సు మీద. అర్థమైందా?”

యెషిమెబెత్ “హఁ” అని ఊపిరి చటుక్కున లోపలికి లాగింది.

అంటే ‘అవును, తెలిసింది’ అని. కథ చెబుతుంటే మనం ఊ కొడతాం. వాళ్ళ దేశంలో ఊపిరి కొడతారు. కాఫీ పొయ్యనా అంటే హఁ, పిల్లలు బాగున్నారా అంటే హఁ, ఇదంతా నిజమేనా అంటే హఁ. వాళ్ళ ఇళ్ళల్లో నలుగురు ఆడవాళ్ళు కబుర్లలో పడితే, అవతల గదిలో ఉన్నవాడికి ఎవరికో ముళ్ళు గుచ్చుకుంటున్నాయేమో అనిపిస్తుంది. పాత టీచర్‌కి ఇది తెలుసు. గోధుమపొలాల నుంచొచ్చిన మిసెస్ పర్విస్‌కి తెలీదు. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకి కనిపిస్తున్నది ఒక్కటే: గంట కొడితే చాలు, పాపం ఆ మనిషి గుండె ఝల్లుమంటోంది.

“బస్సు మీద,” అంది మళ్ళీ, ఈసారి మెల్లగా, పసిపిల్లకి చెప్పినట్టు. “అర్థమైందా?”

“హఁ.”

మిసెస్ పర్విస్ ఇక చూడలేక, చేతిరుమాలు తీసి గంట మీద కప్పింది. ఆ రోజు నుంచి యెషిమెబెత్ వంతు వచ్చినప్పుడల్లా గంట ‘టింగ్’ అనడం మాని ‘టుబ్’ అనడం మొదలుపెట్టింది.

యెషిమెబెత్ ఆలోచన మాత్రం వేరే దారిలో పోతోంది. ఒకసారి అర్థమైందంటే చాలదా? అందరినీ ఒక్కసారే అడుగుతుంది, నన్ను మాత్రం రెండుసార్లు, మూడుసార్లు. నేనేమైనా చెవిటిదాన్నా? నా గంటకి గుడ్డ చుట్టడమేమిటి? నా తప్పులు నలుగురూ వినకూడనంత అసహ్యంగా ఉన్నాయా?

పాఠం అయ్యాక రొట్టె తినేశారు. రొట్టె ముక్క ముక్కకీ ఒక ప్రిపొజిషన్ చెప్పించి మరీ పెట్టింది ఆవిడ. ఇన్నూ ఆన్నూ ఎట్టూ అంటుంటే, ఇలా అయితే ఎట్టా అనిపించింది యెషిమెబెత్‌కి.

తిరుగు బస్సులో ఆమె కోపం పొంగింది.

“మన భాషలో మాట ముందు ‘బ’ అని ఒక్క అక్షరం అతికిస్తే కత్తితో, బస్సులో, ఆదివారం నాడు, తలుపు గుండా, అన్నీ వచ్చేస్తాయి గాషే! ఒక్క ‘బ’! వీళ్ళకి ఎన్నుండాలి? పొద్దుటికి ‘ఇన్’ అట, శనివారానికి ‘ఆన్’ అట, రాత్రికి ‘ఎట్’ అట. రాత్రి ఏం పాపం చేసింది? బస్సు మీద వచ్చానంటే ఒప్పట! బస్సు మీద ఎక్కితే పోలీసు పట్టుకోడూ? కారు మీద వచ్చానంటే మాత్రం నవ్వుతారట!”

“నేను ముప్పావు జీవితం కారు తోలాను తల్లీ. లోపల కూర్చున్నానో మీద కూర్చున్నానో ఎవడూ అడగలేదు. డబ్బులిచ్చి దిగేవారు.”

“ఇంకా వినండి. నా మొగుడి పేరు చెప్పి, ‘ఇతనితో పెళ్ళయింది’ అన్నాను. గంట! ‘ఇతనికి పెళ్ళయింది’ అనాలట. పెళ్ళి ఆయనకొక్కడికే అయిందా? నేనేమైనా చుట్టపు చూపుగా వెళ్ళానా?”

ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరిగి చూసింది. గాషే ఆవిడకి టోపీ ఎత్తి నమస్కారం పెట్టాడు.

“అదంతా పోనియ్యండి. ఆ ‘యూజ్డ్ టు’ ఉంది చూశారూ! ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు చెయ్యను అన్నా యూజ్డ్ టు. మొదట్లో అలవాటు లేదు, ఇప్పుడు పడింది అన్నా యూజ్డ్ టు. పోయిన అలవాటుకీ పడిన అలవాటుకీ ఒకటే మాట పెట్టుకున్నది వాళ్ళు! కలిపేసింది వాళ్ళు! కలగాపులగం అయితే తప్పు మనదా? ‘నాకు గోందర్‌లో పిల్లలకి చెప్పడం అలవాటు’ అన్నట్టు చెప్పానట, ‘చెప్పేదాన్ని’ అనాలట. మధ్యలో ‘యామ్’ దూరిందట. దూరితే తోసెయ్యొచ్చు కదా, దానికి గంటెందుకు, గుడ్డెందుకు?”

“యూజ్డ్ కారు తెలుసా నీకు?”

“ఎవడో వాడేసి వదిలేసింది.”

“అంతే. ముందు ‘యామ్’ లేకుండా ఉత్తి యూజ్డ్ టు అంటే నువ్వు వాడేసి వదిలేసిన అలవాటు. ‘యామ్’ తగిలిస్తే నువ్వింకా తోలుతున్న బండి. ఇంతకంటే ఏమీ లేదు. నాకైతే యూజ్డ్ టూ అయింది, ఇక యూజ్డ్ త్రీ ఎప్పుడు చెబుతుందా అని చూస్తున్నాను.”

యెషిమెబెత్‌కి కోపంలోనూ నవ్వొచ్చింది. కానీ ఆ బండి మాట బుర్రలో దిగిపోయింది. ఇంటికెళ్ళి గోడకి చెప్పింది, కుండకి చెప్పింది, అద్దానికి చెప్పింది: చెప్పేదాన్ని, వండేదాన్ని, ఎత్తుకునేదాన్ని. లాండ్రీలో దిండు గలీబులు తొడుగుతూ చెప్పింది. భక్తి ఆమెకి మొదట్నుంచీ ఉంది; మంగళవారం నాటికి విభక్తి కూడా పట్టుబడింది.

పరీక్ష చిన్నగదిలో, ఒక్కొక్కళ్ళకి. యెషిమెబెత్ కూర్చోగానే మిసెస్ పర్విస్ గంట తీసి సొరుగులో పెట్టేసింది. భయపడే మనిషిని భయపెట్టడం ఎందుకని. ఆవిడ మనసు మంచిదే. మంచిదైనందుకే ఇంత అనర్థం.

“గోందర్‌లో మీరు పిల్లలకి చదువు చెప్పేవారా?”

ఈ ప్రశ్న కోసమే కదా ఇన్నాళ్ళూ! యెషిమెబెత్ గుండె నిండా “హఁ” అంది. వెనకాల చెప్పదలుచుకున్న వాక్యాలు వరసకట్టి నిలబడ్డాయి. ఎంతమందికి, ఎలా, ఏ పాట పాడించేదాన్ని. టీచర్ ‘ఇంకా చెప్పండి’ అనగానే వదలడమే.

టీచర్ కలం పట్టుకుని జవాబు కోసం చూసింది. జాలిగా నవ్వింది. “పోనీలెండి, ఇంకోటి అడుగుతాను. ఇక్కడి చలి అలవాటైందా?”

“హఁ.”

“పర్వాలేదు, నెమ్మదిగా... క్లాసుకి బస్సు మీద వస్తారా?”

“హఁ.”

“మీ ఊళ్ళో పండగలకి ఏం చేసేవారు?”

ఇది ‘అవును’తో తేలే ప్రశ్న కాదు. యెషిమెబెత్ ఒక్క తప్పు లేకుండా చెప్పింది. పండగనాడు తెల్లవారుజామున చర్చికి నడిచి వెళ్ళేవాళ్ళమనీ, తను బడిపిల్లలకి తేనె రాసిన రొట్టె పెట్టేదాన్ననీ. ఉండేది, వెళ్ళేది, పెట్టేది, అన్నీ వాడేసిన బండ్లే, ‘యామ్’ ఎక్కడా దూరలేదు. ‘ఆన్’ రావలసిన చోట ఆన్ వచ్చింది. టీచరమ్మ మొహం వెలిగిపోయింది.

“చాలా బాగుంది! ఆ పిల్లల్ని తలుచుకుంటుంటారా?”

“హఁ,” అంది యెషిమెబెత్. ఆ ఊపిరి కాస్త వణికింది కూడా.

మిసెస్ పర్విస్ చెయ్యి చాచి ఆమె చెయ్యి తట్టింది. “చాలు. మిమ్మల్ని ఇంకా బాధపెట్టను. వెళ్ళి కాస్త మంచినీళ్ళు తాగండి.”

బయట గాషే తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. “ఎలా ఉంది?”

“ఇంత తేలికా గాషే! ‘అవును’ అనగానే చాలని తర్వాతదానికి వెళ్ళిపోతోంది. ఎక్కువ అడగనేలేదు. నాకు వచ్చని ముందే తెలిసిపోయినట్టుంది.”

గురువారం సాయంత్రం క్లాసులో టీచరమ్మ నిలబడి పేర్లు చదివింది. నాలుగో లెవెల్‌కి వెళ్ళేవాళ్ళు: హలీనా. ఎర్నుల్ఫో. మక్బిబ్.

ఆగిపోయింది.

గాషే కుర్చీలోంచి సగం లేచి, యెషిమెబెత్‌ని చూసి మళ్ళీ కూలబడ్డాడు. పరీక్షలో ‘నేను ఎడ్మంటన్ మీద పుట్టలేదు, అడిస్ అబాబాకి పుట్టాను’ అన్నానని ఆయనే గొప్పగా చెప్పుకున్నాడు. ఆయనకి నాలుగు! ఆమెకి?

“మీరు ఈ చలికాలం మూడులోనే ఉంటే మంచిది,” అంది మిసెస్ పర్విస్ గొంతు తగ్గించి. “కంగారు లేదు. మళ్ళీ వేసవిలో చూద్దాం.”

వేసవిలో! జనవరి సీటు వేసవి దాకా మంచులో పెట్టి ఉంచుతారా ఎవరైనా?

యెషిమెబెత్ లేచి నిలబడింది. తెల్ల గౌను లేదు, రొట్టె లేదు. లాండ్రీ యూనిఫారం మీదే వచ్చిన మనిషి. కోపానికి ముందు విరిగేవి విభక్తులే. ఇంగ్లీషులో మొదలుపెట్టింది.

“నాకు మీలో కోపం! నాకు మీతో కోపం! ఏది ఒప్పో మీరే పెట్టుకోండి, కోపం మాత్రం ఉంది! నేను ప్రతి ప్రశ్ననీ జవాబు ఇచ్చాను. ప్రతి ప్రశ్నలోకీ! గాషే అడిస్ అబాబాకి పుట్టాడు, ఆయనకి నాలుగు. నేను పండగ గురించి ఒక్క తప్పు చెయ్యలేదు, నాకు మూడు. ఏం, నా నోరు కంపా? నా గంటకి గుడ్డ ఎందుకు కట్టారు? అందరికీ టింగు, నాకు టుబ్బు!”

చేత్తో గంట అందుకుని, రుమాలు లాగి పారేసి, టింగ్ టింగ్ టింగ్ అని మూడు కొట్టింది. ఎర్నుల్ఫో చప్పట్లు కొట్టబోయి, హలీనా మొహం చూసి ఆపేశాడు.

మిసెస్ పర్విస్ ఎర్రబడింది. “గంటకి మీరు అదిరిపడుతున్నారనే కదా గుడ్డ వేశాను! పరీక్షలోనూ అంతే. పండగ ప్రశ్న తప్ప దేనికీ మీరు జవాబు చెప్పలేదు. ఏమడిగినా ఉలిక్కిపడ్డారు. పిల్లల మాట ఎత్తితే మరీ. మీరు ఏం చూసి వచ్చారో, ఏ బాధ ఉందో అని నేను పొడిగించలేదు. కోర్సులో రోజంతా పిల్లలు గోల చేస్తారు, మీరు తట్టుకోలేరేమో అని...”

“ఉలిక్కిపడ్డానా? నేనా? ఎప్పుడు?”

“ప్రతిసారీ!”

“నిజమే యెషీ,” అంది హలీనా మెల్లిగా. సంచీలోంచి ఒక డబ్బా తీసింది. “నీకు ఉబ్బసం అనుకుని నేను రోజూ ఈ తేనెబిళ్ళలు తెస్తున్నా. ఇద్దామంటే నువ్వేమనుకుంటావో అని జంకాను.”

“ఉబ్బసమా!” యెషిమెబెత్‌కి నిజంగానే ఊపిరాడలేదు. “ఒకావిడ నన్ను పిరికిదంటుంది, ఒకావిడ రోగిష్టిదంటుంది! మా ఊళ్ళో హైనాని కర్రతో తరిమాను నేను! ఎవరు ఉలిక్కిపడింది? ఎలా ఉలిక్కిపడ్డానో చెయ్యండి చూద్దాం!”

టీచరమ్మ ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, నోరు కొంచెం తెరిచి, కళ్ళు పెద్దవి చేసి చూపించింది:

“హఁ!”

“అదిగో!” అని గాషే మక్బిబ్ బల్ల మీద గుద్దాడు. “టీచర్ కూడా అవునంటోంది!”

అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి.

“ఏమంటున్నాను?” అంది మిసెస్ పర్విస్.

“మీరిప్పుడు ‘యెస్’ అన్నారు కదా మేడమ్. నేను విన్నాను. బాగా అన్నారు కూడా, మా హరార్ వైపు యాసలో.”

నెల నుంచీ జరిగినదంతా యెషిమెబెత్ కళ్ళ ముందు తిరగబడి, తిన్నగా నిలబడింది. రెండోసారి అడగడం, మూడోసారి అడగడం, గుడ్డ, జాలి, మంచినీళ్ళు. “గాషే,” అంది తమ భాష అమ్హారిక్‌లో, “నేను ఒక్కసారీ నోటితో ‘యెస్’ అనలేదా?”

“నాకేం తెలుసు? నాకు ‘అవును’ అనే వినపడింది. మన ఊపిరి మనకి వింతగా వినపడుతుందా?”

“మరి మీరు ‘యెస్ మేడమ్’ అంటారేం?”

“టాక్సీలో ఊపిరి పీలిస్తే వెనక కూర్చున్నవాడు దారి తెలియక భయపడుతున్నాననుకుని దిగిపోయేవాడు. అందుకని మానేశాను. నాకది యూజ్డ్ టు.”

“ఆ ముక్క నాకు ముందు చెప్పొద్దూ!”

“నువ్వడిగావా?”

యెషిమెబెత్ టీచరమ్మ వైపు తిరిగింది. ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క మాటా ఏరి పెట్టింది.

“టీచర్, మా దేశంలో ‘అవును’ అనాలంటే ఇలా ఊపిరి లోపలికి తీసుకుంటాం. హఁ. ఇది భయం కాదు. ఇది రోగం కాదు. మీరు అర్థమైందా అన్నారు, నేను అవునన్నాను. పిల్లలకి చెప్పేవారా అన్నారు, అవునన్నాను. వాళ్ళని తలుచుకుంటారా అన్నారు, అవునన్నాను. అన్నిటికీ అవునే. మీరు ఒక్కటీ తీసుకోలేదు.”

మిసెస్ పర్విస్ కుర్చీలో కూర్చుంది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “నేను కనికరించాననుకున్నాను,” అంది.

“కనికరించి నన్ను కిందికి తోశారు. ఇంకెప్పుడూ నన్ను కనికరించొద్దు. నన్ను అడగండి!”

“సరే. అడుగుతున్నాను. అందరి ముందూ.” ఆవిడ లేచింది. “గోందర్‌లో మీరు పిల్లలకి చదువు చెప్పేవారా?”

“యెస్!” అంది యెషిమెబెత్, గోడ గడియారం కదిలేలా. ఆపైన వరసకట్టి నిలబడ్డ వాక్యాలన్నీ వదిలింది. పొద్దున్నే చాపలు పరిచేదాన్ని. ఏడ్చేవాణ్ణి చంకనెత్తుకునేదాన్ని. చలి అలవాటైందా? యెస్, అలవాటైంది, ఇష్టం మాత్రం లేదు! బస్సు మీద వస్తారా? యెస్, బస్సు మీద వస్తాను, తలుపు దగ్గర ఎక్కి లోపలే కూర్చుంటాను, అయినా మీ కోసం మీదే వస్తాను! ఒకచోట ‘ఎట్’ బదులు ‘ఇన్’ పడింది. టీచరమ్మ చెయ్యి అలవాటు చొప్పున గంట కోసం వెతికింది. టింగ్! గుడ్డ లేదు. యెషిమెబెత్ తప్పు దిద్దుకుని సాగిపోయింది.

“నాలుగు,” అంది మిసెస్ పర్విస్. “కోర్సు ఆఫీసుకి రేపు పొద్దున నేనే ఫోను చేసి చెబుతాను.”

ఈ గోలకి తలుపు తెరుచుకుంది. పక్కగదిలో బింగో ఆడుకునే పెద్దవాళ్ళు ఐదారుగురు తలలు లోపల పెట్టారు. “ఏవిటండీ ఆ గంటలు? మాకు అంకెలు వినపడక ఆట ఆగిపోయింది. కొట్టుకుంటున్నారా?”

అందరూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు. హలీనా ఉబ్బసం కాదని తేనెబిళ్ళల డబ్బా చూపిస్తూ చెప్పింది. ఎర్నుల్ఫో, ఊపిరి లోపల నుంచి లోపలికి తీస్తే యెస్ అని, బయటికి మీద తీస్తే ఉత్త ఊపిరి అని, చేతులతో సహా చెప్పాడు. గాషే, టీచర్‌కి హరార్ యాస ఎలా పట్టుబడిందో చెప్పాడు. ప్రిపొజిషన్ ఒక్కటి కూడా ఉండవలసిన చోట లేదు. చివరికి మిసెస్ పర్విస్ చెయ్యెత్తి అందరినీ ఆపి, తనే చెప్పింది: తప్పు తనదనీ, ఈవిడ ‘అవును’ అన్న ప్రతిసారీ తను భయమనుకున్నాననీ.

బింగో ముసలావిడల్లో ఒకావిడ, ఎఫీ అని, అంకెల మీద చుక్కలు పెట్టే ఊదారంగు సిరా అంటిన వేళ్ళతో గుమ్మం పట్టుకుని అంతా శ్రద్ధగా వింది.

“అంటే ఇలాగా?” అని, అలవోకగా, “హఁ” అంది.

అచ్చంగా గోందర్‌లో లాగే.

“ఈ దేశంలోనే తూర్పున, మా కేప్ బ్రెటన్ దీవిలో మా అమ్మ ఇలాగే అనేది. మా నాన్నా అంతే. నేనూ పుట్టినప్పట్నుంచీ ఇలాగే అంటున్నాను కదమ్మా. పెళ్ళిలో పాస్టర్‌కి కూడా ఇలాగే చెప్పాను, ఆయన పెళ్ళి చేసేశాడు.”

యెషిమెబెత్ ఆ ముసలావిడని తల నుంచి కాలి దాకా చూసింది. కాస్త చల్లారిన కోపం మళ్ళీ భగ్గుమంది. మిసెస్ పర్విస్ వైపు తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది:

“ఈవిడ ఏ లెవెలు?”